తనకు తానే నీడ పట్టే గోడ

ఇరవై ఇద్దరు పిల్లలు బస్సు దిగి, తన ఇంటి ముందు వరసగా నిలబడి, నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తుంటే, ఇంటి మీద పిల్లి ఏదైనా ఇరుక్కుందేమో అనుకున్నాడు మేస్త్రీ. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని తనూ బయటికి వచ్చాడు. వాళ్ళ పక్కన నిలబడి పైకి చూశాడు. పిల్లి లేదు. ఇల్లే ఉంది.

"ఎంత బాగుందో కదా!" అంది పక్కనున్న పెద్ద కళ్ళద్దాల పిల్ల.

"ఏది?" అన్నాడు మేస్త్రీ.

ఆ పూటకు అతను మాట్లాడింది దాదాపు అంతే. ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నం ఎంత పలచగా పెడతాడో నోట్లోంచి మాట కూడా అంతే పొదుపుగా తీస్తాడని అతని భార్య అంటుంది. ఆ లోటును ఆమె తన వాటాలోంచి పూడుస్తూ ఉంటుంది.

పిల్లల వెంట వచ్చిన మేడం నమస్కారం పెట్టి సంగతి చెప్పింది. కాలేజీలో ఆమెది పచ్చని కట్టడాల పాఠం. కరెంటు తక్కువ తిని, నీళ్ళు తక్కువ తాగి, ఎండలోనూ మనిషిని చల్లగా ఉంచే ఇళ్ళు ఎలా కట్టాలో నేర్పుతుంది. పుస్తకంలో బొమ్మలు చూపిస్తే చాలదు, నిజంగా నిలబడి ఉన్న ఇంటి దగ్గరికి పోయి, దాన్ని తట్టి, కొలిచి, దానిలో చెమట పడుతుందో లేదో కూర్చుని చూడాలని ఆమె పట్టుదల.

"పోయిన నెల అద్దాల మేడకు వెళ్ళామండీ," అంది మేడం. "ఊళ్ళోకెల్లా పచ్చని కట్టడమని దానికి ఇత్తడి ఆకు కూడా బిగించారు. లోపల మనిషి కదలకపోతే దీపాలు వాటంతటవే ఆరిపోతాయి. అందుకని గుమాస్తాలు ఏడు నిమిషాలకొకసారి చెయ్యి పైకెత్తి ఊపుతూ ఉంటారు. ఒకాయన నిద్రలో కూడా ఊపుతున్నాడు."

పిల్లలకు ఆ అలవాటు అంటుకున్నట్టుంది. మేడం మాట్లాడుతున్నంతసేపూ వాళ్ళలో ఎవరో ఒకరు చెయ్యెత్తి ఊపి దించుతూనే ఉన్నారు.

"మరి మా ఇంటికెందుకు వచ్చారమ్మా?" అంది మేస్త్రీ భార్య. "మా ఇంట్లో ఉన్నవే రెండు దీపాలు."

పెద్ద కళ్ళద్దాల పిల్ల ముందుకు వచ్చింది. "నేను రోజూ ఈ వీధినే సైకిల్ మీద వెళ్తానండీ. మధ్యాహ్నం మూడింటికి వీధిలో కుక్కలన్నీ మీ ఇంటి తూర్పు పక్కన సందులోనే పడుకుని ఉంటాయి. ఏడు. పక్కింటి దగ్గర ఒక్కటీ లేదు."

"కుక్కల్ని లెక్కపెట్టుకుని వచ్చారా తల్లీ!" అంది మేస్త్రీ భార్య. ఆమెకు ఆ పిల్ల అప్పుడే నచ్చేసింది.

ఆ ఇల్లు చల్లగా ఉండటం నిజమే. దానికి కారణం కూడా కనిపిస్తూనే ఉంది. తూర్పు, ఉత్తరం, దక్షిణం మూడు వైపులా తీగలూ పొదలూ కుండీలూ పెరిగిపోయి, గోడలు పూర్తిగా మూసుకుపోయాయి. ఉత్తరం కిటికీ ఎక్కడుందో మేస్త్రీయే మరిచిపోయాడు. పదిహేను రోజులకొకసారి అతని భార్య బస్సెక్కి ఊరి చివర మొక్కల తోటకు వెళ్ళి ఒక మొక్క కొనుక్కొస్తుంది. ఇరవై ఏళ్ళుగా కొంటోంది. ఆమెకు మొక్కల మీద అంత మోజేమీ లేదు. ఆ తోట ఆమె తమ్ముడిది. తమ్ముడు అక్క ఇంటి గుమ్మం తొక్కి ఇరవై ఏళ్ళయింది. వాణ్ణి చూడాలంటే ఆమెకు మొక్క కొనడమొక్కటే దారి.

వీధి వైపున్న పడమటి గోడ మాత్రం బోడిగా ఉంది. దాని మీద ఒక్క తీగను కూడా ఆమె పాకనివ్వలేదు. అది తమ్ముడు కట్టిన గోడ. వాడు ఆఖరుసారిగా కట్టిన గోడ కూడా అదే.

ఆ కథ ఆ వీధి అంతటికీ తెలుసు. మేస్త్రీ సొంత ఇల్లు మొదలుపెట్టినప్పుడు మూడు గోడలు తను లేపి, పడమటి గోడ బావమరిదికి అప్పజెప్పాడు. గోడ లేచింది, తలుపు బిగించారు. తలుపు తెరిచి వదిలితే దానంతటదే మూసుకుంది. మళ్ళీ తెరిచారు, మళ్ళీ మూసుకుంది. మేస్త్రీ దూరంగా వెళ్ళి ఒక కన్ను మూసి చూశాడు. గోడ పైభాగం బయటికి వాలి ఉంది. నలుగురు కూలీల ముందు, కట్టుకున్న భార్య ముందు, బావమరిదిని నిలబెట్టి, "నువ్వు నిటారు చూసుకున్న గుండు నాది. గుండు తప్పు చెప్పదు. ఇక వంకర ఎక్కడుంది? నీ కంట్లో ఉంది. ఆ కన్ను తాపీ పనికి పనికిరాదు," అన్నాడు. బావమరిది తాపీ కడిగి, తుడిచి, బావ కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. ఇంటికి అప్పటికింకా కప్పు కూడా పడలేదు.

మేడం శిష్యులు వారం రోజులు ఆ ఇంట్లోనే ఉన్నారు. గదికి మూడు చొప్పున వేడి కొలిచే గొట్టాలు వేలాడదీశారు. మేస్త్రీ అన్నం తింటుంటే ఒకడు పక్కన కూర్చుని గాలి ఎటు వీస్తోందో రాసుకున్నాడు. ఇంట్లోవాళ్ళు మామూలుగా మసలితేనే కొలతలు సరిగ్గా వస్తాయని చెప్పి, ఎన్ని గంటలకు ఎలా మామూలుగా ఉండాలో ఒక పట్టిక రాసి వంటింటి తలుపుకు అంటించారు.

"మూడున్నరకు నేను ఆవలించాలంట," అంది మేస్త్రీ భార్య. "నిన్న ఆవలింత రాలేదంటే ఆ పిల్లాడు మొహం ముడుచుకున్నాడు. పాపం ఇవాళ రెండు ఆవలించా."

ఆరో రోజు మేడం పడమటి గోడ దగ్గర మూడు కాళ్ళ యంత్రం పెట్టించింది. అది గాలిలో సన్నగా ఎర్రటి గీత గీస్తుంది. ఆ గీత పక్కన గోడ ఎంత నిటారుగా ఉందో ఇట్టే తెలిసిపోతుంది. మిగతా మూడు గోడల్నీ కొలుద్దామంటే తీగలు అడ్డం. ఇదొక్కటే కొలిచారు.

"ఇరవై రెండు మిల్లీమీటర్లు మేడం! బయటికి వాలి ఉంది!" అని అరిచింది కళ్ళద్దాల పిల్ల.

మేస్త్రీకి చెవులు కాలాయి. ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఆ గోడ మాట అతని ముందు ఎత్తలేదు.

మేడం మాత్రం గోడను అరచేత్తో నిమిరింది. రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ఆమె కళ్ళు చెమర్చాయి. "చూశారా? మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీదున్నప్పుడు ఈ గోడ పైభాగం కింది భాగానికి నీడ పడుతుంది. తనకు తానే నీడ పట్టే గోడ! ఎన్ని దేశాల పుస్తకాలు తిరగేశాను, ఇలాంటిది ఎక్కడా లేదు."

"బొటనవేలంత నీడ," అన్నాడు మేస్త్రీ.

"బొటనవేలే కానివ్వండి. ఆలోచన ముఖ్యం. తలుపు చూడండి, తెరిచినవాడు మరిచిపోయినా తనే మూసుకుంటుంది. చల్లగాలి బయటికి పోదు. స్ప్రింగు లేదు, కరెంటు లేదు. ఇదంతా మీ ఊహేనా?"

అవునంటే సరిపోయేది. ఏమీ అనకపోయినా సరిపోయేది. కానీ వంకర గోడను తన పేరున రాసుకోవడానికి మేస్త్రీ నోరు ఒప్పుకోలేదు.

"నాది కాదు. మా బావమరిది కట్టాడు."

"ఆయన ఎక్కడున్నారు? పిలిపించండి! ఆయన వచ్చి మా పిల్లలకు పాఠం చెప్పాలి!"

ఇంట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మేస్త్రీ వెనక్కి చూడకుండానే భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడిందని తెలుసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలా దెప్పలేదు, సణగలేదు. పక్కన వచ్చి కూర్చుంది.

"ఏమయ్యా. ఇరవై ఏళ్ళు ఈ సంగతి మీద నేను నోరెత్తలేదు. నువ్వు అన్నదే నిజమనుకుందాం, వాడి కన్ను వంకరే. ఇప్పుడు ఆ వంకరే గొప్పదంటున్నారు చదువుకున్నవాళ్ళు. వెళ్ళి ఒక్క మాట పిలువు. వాడొస్తాడు. వాడు నా ఇంట్లో కూర్చుని మంచినీళ్ళు తాగితే చూడాలని ఉంది."

"వంకర వంకరే," అన్నాడు మేస్త్రీ. "రేపు ఆ మేడం వాడి మెడలో దండ వేస్తే, నేను మూడు గోడలు నిటారుగా కట్టింది దేనికి?"

"అసూయా?"

"న్యాయం."

"సరే," అంది ఆమె లేస్తూ. "నా తమ్ముడు నా గడప తొక్కకుండానే నేను పోతే, నీ న్యాయాన్ని నా పక్కన పడుకోబెట్టు."

మర్నాడు మేడం ఇంకో కోరిక కోరింది. కాలేజీ ఆవరణలో అలాంటి గోడే ఒకటి కట్టాలి. పదడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు, అదే వాలు. బావమరిది రాకపోతే మేస్త్రీయే కట్టాలి. మేస్త్రీ ఆలోచించి, తన జీవితంలోని పొడుగాటి మాటల్లో ఒకటి మాట్లాడాడు. "ముందు నిటారుగా ఒకటి కడతాను. తర్వాత వంకరది కడతాను. రెండూ పక్కపక్కన పెట్టి ఎండకు ఏది ఎంత కాగుతుందో కొలుచుకోండి."

"అద్భుతం!" అంది మేడం. "పోల్చి చూడటానికి నిటారుది కూడా కావాల్సిందే."

మేస్త్రీ మనసులో వేసిన ఎత్తు వేరు. తన చేతి గోడ ఎలా ఉంటుందో ఆ ఎర్రగీత యంత్రం చెప్పాలి. ఇరవై ఇద్దరి ముందు సున్నా అని చెప్పాలి. అప్పుడు వంకర ఎవరిదో లోకానికి తెలుస్తుంది, భార్యకు కూడా తెలుస్తుంది.

నాలుగు రోజులు కట్టాడు. అంత శ్రద్ధగా సొంత ఇంటిని కూడా కట్టలేదు. రెండేసి అడుగులకొకసారి పని ఆపి గుండు వేసి చూశాడు. గుండు అంటే దారానికి కట్టిన ఇత్తడి గుండే. దారం పైన ఒక చిన్న చెక్కముక్క గుచ్చి ఉంటుంది. చెక్కముక్కను గోడ పైఅంచుకు ఆనించి గుండును కిందికి వదులుతారు. గుండు గోడను అంటీ అంటనట్టు తాకితే గోడ నిటారుగా ఉన్నట్టు. ఎడంగా నిలిచినా, గోడ మీద వాలినా తేడా ఉన్నట్టు. మేస్త్రీ గుండు అయిదుసార్లూ అంటీ అంటనట్టే తాకింది. అతను తన గోడల దగ్గర ఇంకొకరి గుండు వేయనివ్వడు. అది అతని రోషం.

నాలుగో రోజు సాయంత్రం పిల్లలంతా చేరారు. మూడు కాళ్ళ యంత్రం పెట్టారు. మేస్త్రీ చేతులు కడుక్కుని, తల దువ్వుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఇరవై రెండు!" అంది కళ్ళద్దాల పిల్ల.

 చప్పట్లు మోగాయి. మేడం రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. "అదే కొలత! ఇరవై ఏళ్ళ తర్వాత, ఒక్క మిల్లీమీటరు తేడా లేకుండా! మీరు ముందు వాలు గోడే కట్టేశారు. మాతో పరిహాసాలాడుతున్నారా మేస్త్రీ గారూ?"

"ఇది నిటారు గోడ," అన్నాడు మేస్త్రీ.

"ఇరవై రెండండీ."

"మీ యంత్రం పాడైంది."

యంత్రాన్ని తీసుకెళ్ళి కాలేజీ స్తంభం దగ్గర పెట్టారు. సున్నా. నీళ్ళ గొట్టం దగ్గర పెట్టారు. సున్నా. చూడటానికి వచ్చి నిలబడిన కాలేజీ గుమాస్తా దగ్గర పెడితే ఆయన నూట నలభై మిల్లీమీటర్లు ముందుకు వంగి ఉన్నాడని తేలింది. ఆయన నొచ్చుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మేస్త్రీ గోడ దగ్గర పెట్టారు. ఇరవై రెండు.

మేస్త్రీ నిచ్చెన ఎక్కి, ఎప్పటిలా రెండడుగుల దారం వదిలి గుండు వేశాడు. గుండు అంటీ అంటనట్టు గోడను తాకింది.

"చూశారా?" అన్నాడు. 

కళ్ళద్దాల పిల్ల గుండును అరచేతిలోకి తీసుకుని బరువు చూసింది. దారం మీది చెక్కముక్కను కిందికి జరిపి గుండు మీద పెట్టి చూసింది. ఆమెకు ఏ వస్తువు కనబడినా దాన్ని ఇంకో వస్తువు పక్కన పెట్టి చూసే అలవాటు.

"మేస్త్రీ గారూ, ఈ చెక్క వెడల్పూ గుండు లావూ ఒకటే ఉండాలా?"

"ఉండాలి."

"మరి లేవుగా."

మేస్త్రీ నిచ్చెన మీదే ఉన్నాడు. దిగాడు. చెక్కముక్కను తీసుకుని గుండు మీద పెట్టాడు. గుండు రెండు పక్కలా చెరి ఒక కందిగింజంత బయటికి వచ్చి ఉంది. తిప్పి పెట్టాడు. అటు తిప్పినా అంతే.

అప్పుడు గుర్తొచ్చింది. సొంత ఇల్లు మొదలుపెట్టే రోజు పొద్దున పాత చెక్కముక్క పగిలిపోయింది. దర్వాజా చెక్కలో మిగిలిన ముక్కను కోసి కొత్తది చేసుకున్నాడు. కొలత సరిగ్గానే కోశాడు. అంచులు వేళ్ళకు గుచ్చుకుంటున్నాయని, బావమరిదితో మాట్లాడుతూ మాట్లాడుతూ రాతి మీద నున్నగా అరగదీశాడు. ఆ రోజు కబుర్లు కాస్త ఎక్కువయ్యాయి. అతను జీవితంలో ఎక్కువ మాట్లాడింది ఆ ఒక్క పొద్దునే. గుండు సరే అన్న ప్రతిసారీ గోడ బయటికి జరిగింది, రెండడుగులకొక కందిగింజ. పదడుగుల గోడకు అయిదు.

అప్పటి నుంచి ఆ గుండు మారలేదు.

చప్పట్లు కొడుతున్న పిల్లల్ని అక్కడే వదిలేసి మేస్త్రీ ఇంటి దారి పట్టాడు. నడుస్తుంటే ఊరు ఇదివరకటిలా కనిపించలేదు. ఈ ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా చాలావరకు "రండి రండి" అన్న వెంటనే "ఆ ఇటుక జరపకండి" అంటారు. తలుపు మూసుకోకుండా గుమ్మంలో ఒక ఇటుక అడ్డం పెట్టి ఉంటుంది. కొందరు ఇటుకకు రంగు కూడా వేసుకున్నారు. ఒకరింట్లో దానికి ఊలుతో చొక్కా అల్లారు. వడ్రంగులకు తలుపు బిగించడం రాదని మేస్త్రీయే పదిమందికి చెప్పాడు. ఆ మాట పడలేక ఇద్దరు వడ్రంగులు ఊరు వదిలి వెళ్ళిపోయారు కూడా. ఇప్పుడు లెక్క వేస్తూ నడిచాడు. ఇటుక ఉన్న ప్రతి ఇల్లూ తను కట్టిందే. ఇటుక లేని ఇళ్ళు తను కట్టనివి. వీధులు వీధులే బయటికి వాలి ఉన్నాయి. అన్నీ ఒకేలా వాలి ఉండటం వల్ల ఎవరికీ తెలియలేదు.

ఇంటికి వెళ్ళలేదు. బస్సెక్కి మొక్కల తోట దగ్గర దిగాడు.

బావమరిది తోటలో కుండీలు వరసల్లో ఉండవు. ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. కొనేవాళ్ళు కాళ్ళకు తగిలించుకుంటూ నడవాలి. పేరు పలకను మేకుకు తగిలించకుండా నేల మీదే పరిచి పెట్టాడు. వచ్చినవాళ్ళు వంగి చదువుకుంటారు. వరస అనేది పెట్టడం తన కంటి వల్ల కాదని అతను ఎప్పుడో తేల్చుకున్నాడు. మొక్కలైతే వంకరగా పెరిగినా ఎవరూ నిలదీయరు.

అతను వంగి మట్టి కలుపుతున్నాడు. జుట్టు సగం నెరిసింది. మేస్త్రీ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏం మొక్క కావాలి?" అన్నాడు బావమరిది తల ఎత్తకుండానే.

"మొక్క వద్దు."

"ఎరువా?"

"నేనురా."

"తెలుసు. పాదాలు చూశా. ఎరువా?"

మేస్త్రీ సంచీలోంచి గుండు తీసి, చెక్కముక్కతో సహా మట్టి కుప్ప పక్కన పెట్టాడు. బావమరిది దాన్ని చూశాడు. చెయ్యి తుడుచుకుని తీసుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే చెక్కను గుండు మీద పెట్టాడు. తాపీ వదిలి ఇరవై ఏళ్ళయినా వేళ్ళు మరిచిపోలేదు.

చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఆ ఇల్లు మొదలుపెట్టిన పొద్దుట నుంచి."

"మరి నువ్వు చూడలేదా?"

"లేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఊఁ."

"నా పెళ్ళి ఫొటో గోడకు తగిలించలేదు తెలుసా బావా?" అన్నాడు బావమరిది నెమ్మదిగా. "వంకరగా తగిలిస్తానేమోనని. నేల మీద ఆనించి పెట్టా. చుట్టాలు వస్తే చాప మీద పడుకుని చూసేవాళ్ళు. రోడ్డు దాటాలంటే కూడా నా ఆవిడ చెయ్యి పట్టుకుంటుంది, 'మీరు నిటారుగా అనుకుని ఎటో పోతారు' అని. నలుగురు కంటి డాక్టర్ల దగ్గరికి వెళ్ళా. కళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నారు. వాళ్ళకు పని రాదనుకుని వచ్చేశా."

మేస్త్రీ నిలబడే ఉన్నాడు. 

"తప్పు నాది," అన్నాడు చివరికి. "రారా ఇంటికి. మీ అక్క..."

"ఇక్కడ కాదు," అన్నాడు బావమరిది. "నన్ను అన్నది ఎక్కడ? ఆ గోడ ముందు. నలుగురు కూలీలున్నారు, అక్క ఉంది. అక్కడే చెప్పు."

"ఆ కూలీలు ఇప్పుడెక్కడున్నారో ఏమో."

"ఇరవై ఇద్దరు పిల్లలున్నారంటగా. అక్క చెప్పింది. వాళ్ళు చాలు."

మేస్త్రీకి సంగతి అర్థమైంది. ఆ మాట పిల్లల ముందు చెప్తే ఊరికి చెప్పినట్టే. తను కట్టిన ఇళ్ళన్నీ వంకరని ఊరికి తెలిస్తే, రేపటి నుంచి తన చేత కోళ్ళగూడు కూడా ఎవరూ కట్టించరు. నిటారు మేస్త్రీ అన్న పేరొక్కటే అతని ఆస్తి.

"ఎల్లుండి వస్తారు వాళ్ళు," అన్నాడు. "ఆ గోడకు ఇత్తడి ఆకు బిగిస్తారట. పదింటికి."

పదింటికి బస్సు వచ్చింది. మేడం వచ్చింది. ఇత్తడి ఆకులు ఇచ్చే కమిటీ పెద్దమనిషి, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని వచ్చాడు. వీధిలోవాళ్ళు తమ గుమ్మాల్లో ఇటుకల పక్కన నిలబడి చూస్తున్నారు. బావమరిది గేటు బయటే నిలబడ్డాడు. అతని అక్క గుమ్మంలో నిలబడి తమ్ముణ్ణి చూస్తోంది, చూపు తిప్పుకుంటే మాయమైపోతాడన్నట్టు.

పెద్దమనిషి ఆకును గోడకు ఆనించి మేకు అడిగాడు.

"ఆగండి," అన్నాడు మేస్త్రీ.

అతను గోడ ముందుకు వచ్చి నిలబడ్డాడు. గుండును పైకెత్తి పట్టుకున్నాడు. 

"ఈ చెక్క గుండుకు సరిపోదు. అరగదీసింది నేను. అందువల్ల ఈ గోడ వంకర. ఇదొక్కటే కాదు. తీగలు తీసి చూడండి, నాలుగు గోడలూ వంకరే. ఇరవై ఏళ్ళలో ఈ ఊళ్ళో నేను కట్టినవన్నీ వంకరే. కావాలని కట్టలేదు. నిటారని నమ్మి కట్టాను. ఈ గోడ వంకరకు మా బావమరిది కన్ను కారణమని అప్పుడు పదిమందిలో అన్నాను. వాడి కన్ను నిటారే. తప్పు నాది."

అన్ని మాటలు అతను ఒక్కసారి మాట్లాడగా అతని భార్య ఎన్నడూ వినలేదు.  ఎవరి గుమ్మంలోనో ఇటుక జారి తలుపు మూసుకున్న చప్పుడు.

మేస్త్రీ తల వంచుకుని తిట్ల కోసం ఎదురుచూశాడు.

"నాలుగు గోడలూనా?" అంది మేడం గుసగుసగా. "ఊరంతానా?"

"ఊరంతా," అన్నాడు మేస్త్రీ.

"ఊరు ఊరంతా తనకు తానే నీడ పట్టుకుంటోంది!" అని కేక వేసింది మేడం.

పిల్లలు కేకలు పెట్టారు. పెద్దమనిషి ఆకును కింద పెట్టి మేస్త్రీ చేతులు పట్టుకున్నాడు. "ఎంత వినయమండీ! ముప్పై ఏళ్ళుగా ఆకులు బిగిస్తున్నాను, నేను చేసింది గొప్ప అన్నవాళ్ళే కానీ తప్పు అన్నవాణ్ణి ఇప్పుడే చూశాను."

"తప్పండీ!" అన్నాడు మేస్త్రీ గొంతు పెంచి. "తప్పే కట్టాను!"

"అవునండీ, మాకు ఆ తప్పే కావాలి. ఆ చెక్క కొలత ఎంత?"

కళ్ళద్దాల పిల్ల అప్పటికే కొలిచి రాసుకుంది. ఇద్దరు కుర్రాళ్ళు అలాంటి చెక్కముక్కలు ఇరవై రెండు చేయించాలని మాట్లాడుకుంటున్నారు. ఎదురింటాయన రోడ్డు దాటి వచ్చి, "మేస్త్రీ, మాది కూడా వంకరేనా? ఖాయంగానా? మాకూ ఆకు ఇస్తారా?" అని అడిగాడు. పక్కింటివాళ్ళు మాత్రం మొహం మాడ్చుకుని నిలబడ్డారు. వాళ్ళ ఇల్లు వేరే మేస్త్రీ కట్టాడు.

మేస్త్రీ ఒక్కొక్కరి మొహం వైపూ చూశాడు. తను తప్పు చేశానని నమ్మే మనిషి ఒక్కడు కూడా కనిపించలేదు. గొంతు చించుకుని చెప్పినా ఆ మాట ఎవరికీ ఎక్కడం లేదు. ఏమీ తోచక గేటు వైపు చూశాడు.

బావమరిది లోపలికి వస్తున్నాడు.

పిల్లల్ని తప్పించుకుంటూ, ఎవరినీ పలకరించకుండా, నేరుగా పడమటి గోడ దగ్గరికి వచ్చాడు. కుడి మూలలో నిలబడి, గోడ అంచుకు చెంప ఆనించి, ఎడమ కన్ను మూశాడు. తాపీ పనివాడు చూసే చూపు అది. కాసేపు అలాగే ఉన్నాడు. ఇరవై ఏళ్ళలో అతను దేన్నీ అలా చూసి ఉండడు.

"వంకర," అన్నాడు.

"వంకరే," అన్నాడు మేస్త్రీ.

"బాగా వంకర."

"బాగా వంకర్రా."

బావమరిది ఈసారి ఎడమ మూలకు వెళ్ళి కుడి కన్ను మూసి చూశాడు. తల ఊపాడు. అతని మొహం మీద రంగు మారింది. "నాకు అప్పుడే తెలుసు బావా. గుండు సరిగ్గానే ఉందంటోంది, కన్నేమో కాదంటోంది. నీ గుండు కదా అని కన్ను మూసుకున్నా."

మేస్త్రీకి మాట రాలేదు. మామూలుగా రాకపోవడం వేరు, ఇది వేరు.

"అక్కా," అన్నాడు బావమరిది గుమ్మం వైపు తిరిగి. "లోపల గోడలు కూడా చూడొచ్చా?"

"నీ ఇల్లురా," అంది ఆమె, పక్కకు జరిగి.

కప్పు పడ్డాక అతను ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదలు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. బయట పెద్దమనిషి మేకు కోసం అరుస్తున్నాడు. మేడం తీగలు కత్తిరించడానికి కత్తెర తెమ్మంటోంది. మేస్త్రీ గోడకు ఆనుకుని కూర్చుని, లోపలి నుంచి వచ్చే మాటలు వింటూ ఉండిపోయాడు.

"ఇది వంకర, అక్కా."

"అవున్రా."

"ఇదీ వంకరే."

"అదీ వంకరే నాయనా. వంటిల్లు చూడు, ఇటు రా."

"అబ్బో! ఇది మరీనూ!"

"కదా? ఇలా కూర్చో ముందు. మంచినీళ్ళు తాగి చూద్దువుగాని. ఇంకా రెండు గదులున్నాయి."